తెరచాప ఓడల మాస్టును నిలబెట్టే తాళ్లు ఎలా పనిచేస్తాయి, పాత బోటుకు తీగలు మార్చాలా?

మీరు మూడు ప్రశ్నలు కలిపి అడిగారు. పాత ఓడల బొమ్మల్లో అంత గజిబిజిగా కనిపించే తాళ్లలో మాస్టును, అంటే తెరచాపను మోసే నిలువు స్తంభాన్ని, నిజంగా పట్టుకునేవి ఏవి? మాస్టునే లావుగా చేసేస్తే ఈ తాళ్ల గొడవ ఉండదు కదా? మీరు ఈ మధ్య కొన్న తొమ్మిది మీటర్ల పాత సెయిల్ బోటుకు అల్యూమినియం మాస్టు, స్టీలు తీగలు ఉన్నాయి. వాటిని ఎప్పుడు బిగించారో ఎవరికీ తెలియదు, కానీ మెరుస్తూనే ఉన్నాయి. మార్చాలా? మూడింటికీ మూలం ఒకటే కాబట్టి కలిపే రాస్తున్నాను. నేను రిగ్గర్‌గా, అంటే ఓడల తాళ్లూ తీగలూ బిగించే పనివాడిగా, పనిచేసినవాణ్ణి, ఈ విషయం ఎత్తితే నాకు తొందరగా ఆపడం రాదు. కాస్త ఓపిక పట్టండి.

ముందు తాళ్లను రెండు రకాలుగా విడదీసుకోండి. తెరచాపను ఎత్తడానికి, దించడానికి, తిప్పడానికి వాడే తాళ్లు రోజంతా కదులుతూనే ఉంటాయి. వాటిని రన్నింగ్ రిగ్గింగ్ అంటారు. మాస్టును పట్టుకునే తాళ్లు ఒకసారి బిగిస్తే అక్కడే ఉంటాయి. అవి స్టాండింగ్ రిగ్గింగ్. పాత ఓడను చూసి వీటిని గుర్తుపట్టడం తేలిక. నిలిచి ఉండే తాళ్లకు తారు పూస్తారు కాబట్టి అవి నల్లగా, లావుగా ఉంటాయి. కదిలేవి లేత గోధుమ రంగులో, సన్నగా, కప్పీల గుండా పోతూ కనిపిస్తాయి. బొమ్మలో కదిలే తాళ్లన్నీ చెరిపేస్తే మిగిలేది చాలా క్రమబద్ధమైన ఏర్పాటు. మాస్టు పై నుంచి రెండు పక్కలకూ దిగేవి ష్రౌడ్లు. ముందుకు దిగేవి స్టేలు. పక్కకూ వెనక్కూ ఏటవాలుగా దిగేవి బ్యాక్‌స్టేలు.

కరెంటు స్తంభానికి ఏటవాలుగా నేలలోకి కట్టే స్టే వైరు చూసే ఉంటారు. చేసే పని అదే. కానీ కరెంటు స్తంభాన్ని ఏ వైపు లాగుతారో ముందే తెలుసు, ఎదురు వైపు ఒక తీగ కడితే చాలు. పైగా నేల ఎంత కావాలంటే అంత ఉంది, తీగను దూరంగా పాతుకోవచ్చు. ఓడకు ఈ రెండు సౌకర్యాలూ లేవు. గాలి ఏ వైపు నుంచైనా రావచ్చు, దానికి తోడు ఓడ నాలుగు వైపులా ఊగుతుంది. తాడు కింది కొస కట్టడానికి ఓడ అంచు తప్ప వేరే చోటు లేదు. మాస్టు చూస్తే ఓడ వెడల్పుకు ఎన్నో రెట్లు ఎత్తు. కాబట్టి ష్రౌడుకూ మాస్టుకూ మధ్య కోణం చాలా చిన్నదైపోతుంది. స్టాండింగ్ రిగ్గింగ్‌లోని సమస్యల్లో ముప్పాతిక వంతు ఈ చిన్న కోణం వల్లే వస్తాయి.

లెక్క చూద్దాం. గాలి మాస్టు తలను 500 కిలోల బలంతో పక్కకు తోస్తోంది అనుకోండి. ష్రౌడు మాస్టుతో 20 డిగ్రీల కోణంలో ఉంటే దానిలో టెన్షన్, అంటే తాడును లాగే బలం, సుమారు 1,460 కిలోలు. కోణం 10 డిగ్రీలకు తగ్గితే టెన్షన్ 2,880 కిలోలు. 5 డిగ్రీలకు వస్తే 5,700 దాటుతుంది. గాలి అదే, తాడు మీద బరువు మాత్రం నాలుగింతలైంది. అందుకే పాత ఓడల పక్కల నుంచి బయటికి పొడుచుకు వచ్చిన మందపాటి పలకలు కనిపిస్తాయి. వాటి పేరు ఛానెళ్లు. ష్రౌడు కింది కొసను ఒక అడుగో రెండడుగులో బయటికి జరిపి ఆ కోణం పెంచడమే వాటి పని.

ఇప్పుడు చాలామంది గమనించని విషయం. ఈ తాళ్లు మాస్టును పైకి ఎత్తి పట్టుకోవు, కిందికి నొక్కుతాయి. 10 డిగ్రీల కోణంలో 2,880 కిలోల టెన్షన్ ఉంటే దానిలో సుమారు 2,840 కిలోలు మాస్టును నిలువునా కిందికి తోస్తున్నాయి. పక్కకు పడకుండా ఆపుతున్నది ఆ 500 కిలోల భాగమే. అంటే తాళ్లు కట్టిన మాస్టు గాలికి వంగే కర్రగా కాక, నెత్తిన టన్నుల బరువు మోసే నిట్రాడుగా పనిచేస్తుంది. ఆ బరువు మాస్టు మొదటి నుంచి ఓడ అడుగు దూలానికి దిగుతుంది. అదే సమయంలో ష్రౌడ్లు ఓడ పక్కలను పైకి లాగుతుంటాయి. అంటే నడుమ కిందికి తోపు, అంచుల్లో పైకి లాగుడు. రిగ్గింగ్ బిగించే ప్రతిసారీ ఓడ శరీరాన్నే వంచుతున్నామన్నమాట.

ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే సంగతి కాదు. బ్రిటన్‌లో పోర్ట్స్‌మత్ డాక్‌లో ఉన్న హెచ్‌ఎంఎస్ విక్టరీ 1765లో నీటిలోకి దిగిన ఓడ. ముసలిదైపోయిన ఆ చెక్క శరీరం మీద బరువు తగ్గించడానికి 2011లో పై మాస్టులు విప్పి దించారు. 2021లో ప్రధాన మాస్టు కింది ముక్కనూ తీశారు. డ్రైడాక్‌లో కదలకుండా నిలబడి, తెరచాపలు విప్పని ఓడకే ఈ జాగ్రత్త అవసరమైంది.

నిట్రాడు మీద బరువు పెంచుతూ పోతే అది నలగడం కంటే ముందు మధ్యలో వంగి విరుగుతుంది. దీని లెక్క 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త తేల్చాడు. ఆధారం లేని పొడవు సగమైతే అది మోయగల బరువు నాలుగింతలవుతుంది. అందుకే మాస్టును పైన ఒక్కచోటే కట్టి వదిలేయరు, మధ్యమధ్య కూడా పట్టుకుంటారు. ఆ మధ్య తాళ్లు పక్క గాలిని ఆపడం ఎంతో, మాస్టు నడుము వంగకుండా చూడటం అంత.

మీ రెండో ప్రశ్న ఇక్కడ తేలిపోతుంది. తాళ్లే లేని మాస్టు పెట్టవచ్చా? పెట్టవచ్చు, పెట్టారు కూడా. చైనా జంక్ ఓడల్లో చాలావాటికి మాస్టులు సొంతంగా నిలబడేవే. 2006 నాటి మాల్టీస్ ఫాల్కన్ అనే భారీ యాట్‌కు మూడు కార్బన్ ఫైబర్ మాస్టులున్నాయి. ఒక్క స్టే కూడా లేదు, మాస్టులు మొత్తంగా గుండ్రంగా తిరుగుతాయి. కానీ తాళ్లు లేని మాస్టుకు వంపు భారమంతా డెక్ దగ్గరే వచ్చి పడుతుంది. అక్కడ చాలా లావుగా ఉండాలి, ఓడ లోపలికి లోతుగా దిగాలి, దాని చుట్టూ డెక్ కూడా గట్టిగా ఉండాలి. చెక్కతో చేస్తే బరువు పైన చేరి ఓడ నిలకడ పోతుంది. కార్బన్ ఫైబర్ వచ్చాకే పెద్ద ఓడలకు ఇది నిజంగా కుదిరింది. ఇంకో ఇబ్బంది ఉంది. ముందు తెరచాపకు, అంటే జిబ్‌కు, అంచు బిగుతుగా నిలవాలంటే ముందు స్టే బిగుతుగా ఉండాలి. వెనక నుంచి లాగి పట్టుకునే తాడు లేకపోతే మాస్టు ముందుకు వంగి ఆ స్టే వేలాడిపోతుంది. గాలికి ఎదురుగా ఏటవాలుగా పోవాలంటే ఆ బిగుతు తప్పదు.

మరోవైపు తాళ్లకూ ఒక ఖరీదు ఉంది. చదరపు తెరచాపల ఓడలు గాలికి ఎదురుగా అంతగా పోలేకపోవడానికి ఒక కారణం ఈ ష్రౌడ్లే. తెరచాపను మోసే అడ్డకర్రను ఇంకాస్త తిప్పుదామంటే అది గాలి పోయే వైపున్న ష్రౌడుకు తగిలి ఆగిపోతుంది. మాస్టుకు ప్రాణం పోసే తాడే తెరచాపకు అడ్డం.

సరే, పాత ఓడలోకి వద్దాం. చదరపు తెరచాపను గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి ష్రౌడ్లను మాస్టుకు సరిగ్గా పక్కన కట్టరు. ఒక్కొక్కటీ కాస్త వెనక్కి జరుపుతూ వరసగా కడతారు. బ్యాక్‌స్టేలు ఇంకా వెనక్కి పోతాయి. అంటే పక్క నుంచీ వెనక నుంచీ వచ్చే గాలికి డజను తాళ్లు సిద్ధంగా ఉంటాయి. ముందు నుంచి వచ్చే గాలికి మాత్రం మాస్టుకు ఒకటి రెండు స్టేలే దిక్కు. అందుకే గాలి ఒక్కసారిగా దిశ మార్చి తెరచాపలను వెనక్కి తోసి మాస్టుకు అతికించేయడమంటే నావికులకు అంత భయం. ఆ క్షణంలో డజను తాళ్లు వదులైపోయి, బరువంతా ఆ ఒకటి రెండు తాళ్ల మీద పడుతుంది. ఈ కారణంగానే ఓడలోని అన్ని తాళ్లలోకి ప్రధాన మాస్టు స్టే చాలా లావుగా ఉండేది.

ఇంతకంటే ప్రమాదకరమైన సంగతి ఒకటుంది. స్టేలు ముందుకు దిగాలి కదా, ఎక్కడికి? ప్రధాన మాస్టు స్టే ముందు మాస్టు మొదట్లోకి వస్తుంది. ప్రధాన మాస్టు పైభాగాల స్టేలు ముందు మాస్టు పైభాగాలకే కడతారు. ముందు మాస్టు స్టేలన్నీ ఓడ ముక్కు నుంచి ముందుకు పొడుచుకు వచ్చే బౌస్‌ప్రిట్ అనే దూలానికి పోతాయి. ఆ దూలాన్ని పైకి లేవకుండా బాబ్‌స్టే అనే తాడో గొలుసో కింద నీటిమట్టం దగ్గర ఓడ ముక్కుకు కట్టి ఉంచుతుంది. ఈ వరసను వెనక నుంచి చదవండి. బాబ్‌స్టే తెగితే బౌస్‌ప్రిట్ లేస్తుంది, బౌస్‌ప్రిట్ పోతే ముందు మాస్టు పైముక్కకు ఆధారం పోతుంది, అది పడితే ప్రధాన మాస్టు పైముక్కను కూడా ప్రమాదంలో పడేస్తుంది. మూడు మాస్టుల ఓడ అంటే మూడు విడివిడి స్తంభాలు కాదు, ముక్కు దగ్గర మొదలై వెనక దాకా పోయే ఒకే కట్టడం.

దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ ప్రాయిసెన్. 1902లో జర్మనీలో కట్టిన ఐదు మాస్టుల ఉక్కు ఓడ, ఐదు మాస్టులకూ చదరపు తెరచాపలే. 1910 నవంబరులో ఇంగ్లిష్ ఛానెల్‌లో బ్రైటన్ అనే చిన్న ఆవిరి నౌక దాని వేగాన్ని తక్కువగా అంచనా వేసి ముందు నుంచి దాటబోయి గుద్దింది. ప్రాయిసెన్ మునిగిపోలేదు. కానీ బౌస్‌ప్రిట్, దానితో పాటు ముందు రిగ్గింగ్‌లో పెద్ద భాగం పోయాయి. అంత పెద్ద ఓడ తెరచాపలతో తనను తాను నడుపుకోలేని స్థితికి వచ్చింది. తర్వాత పెనుగాలిలో డోవర్ దగ్గర రాళ్లెక్కి అక్కడే ముగిసింది.

మాస్టు ఒకే చెట్టు కాదన్న సంగతీ చెప్పాలి. కింది మాస్టు, దాని మీద టాప్‌మాస్టు, దాని మీద టాప్‌గాలెంట్ మాస్టు ఉంటాయి. రెండు ముక్కలు కలిసే చోట కొన్ని అడుగుల మేర ఒకదాని ముందు ఒకటి నిలబడతాయి. అంత పొడవైన చెట్టు దొరకకపోవడం ఒక కారణం. దానికంటే పెద్ద సౌకర్యం ఏమిటంటే, తుఫాను వస్తోందంటే పై ముక్కలను సముద్రంలోనే దించేసి ఎత్తూ బరువూ తగ్గించుకోవచ్చు. విరిగితే ఆ ముక్కనే మార్చుకోవచ్చు. టాప్‌మాస్టు ష్రౌడ్లను ఓడ అంచు దాకా తేవడం కుదరదు కాబట్టి, కింది మాస్టు తల దగ్గర టాప్ అనే పెద్ద వేదిక కట్టి దాని అంచులకు తగిలిస్తారు. సినిమాల్లో కాపలావాడు నిలబడి కనిపించే వేదిక అదే, కానీ దాని అసలు ఉద్యోగం ఛానెల్ పలకలదే, కోణం పెంచడం. ఆ అంచులు పైకి లేచిపోకుండా కింద నుంచి వెనక్కి వాలిన పొట్టి ష్రౌడ్లు పట్టుకుంటాయి. వాటి మీదుగా టాప్‌కు ఎక్కేవాడు వీపు సముద్రం వైపు వాల్చి వేలాడుతూ ఎక్కాలి.

ష్రౌడ్లకు అడ్డంగా కట్టిన సన్నటి తాళ్లు నిచ్చెన మెట్లు. వాటికి మాస్టును పట్టుకోవడంతో సంబంధం లేదు. ఎక్కేటప్పుడు ఎప్పుడూ గాలి వచ్చే వైపు ష్రౌడ్ల మీదే ఎక్కాలి. అవి బిగుతుగా ఉంటాయి, గాలి మనిషిని వాటికే అదిమి ఉంచుతుంది.

ష్రౌడు కింది కొసను ఓడకు బిగించే పద్ధతి నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది. ష్రౌడు చివర ఒక గుండ్రటి చెక్క బిళ్ల, దానికి మూడు రంధ్రాలు. దాన్ని డెడ్ ఐ అంటారు. సరిగ్గా అలాంటిదే ఇంకొకటి ఇనుప పట్టీతో ఓడ పక్కకు బిగించి ఉంటుంది. రెండింటి ఆరు రంధ్రాల గుండా లాన్యార్డ్ అనే సన్నటి తాడు అటూ ఇటూ పోయి వస్తుంది. ఆ తాడుకు కొవ్వు రాసి, దాని కొసను కప్పీలతో లాగితే ష్రౌడు బిగుస్తుంది. చక్రం తిరిగే కప్పీ పెట్టకుండా మొండి రంధ్రాలు ఎందుకంటే, ఇక్కడ రాపిడి కావాలి. ఒకసారి బిగిశాక జారకూడదు.

ఇలా ఎందుకు చేశారో ఆలోచిస్తే మూడు లాభాలు కనిపిస్తాయి. నార తాడు కొత్తలో విపరీతంగా సాగుతుంది, తడిస్తే కుంచించుకుపోతుంది, ఎండితే వదులవుతుంది. కొత్త రిగ్గింగ్‌తో బయలుదేరిన ఓడ మొదటి వారాల్లోనే మళ్లీ మళ్లీ బిగించుకోవాలి, లాన్యార్డ్ దానికి వీలిస్తుంది. రెండోది, లాన్యార్డ్ పాడైతే ఓడలోనే ఉన్న తాడుతో నడిసముద్రంలో మార్చుకోవచ్చు. మూడోది కాస్త భయంకరమైనది. ఓడ ఒక పక్కకు ఒరిగి లేవలేని స్థితిలో మాస్టునే వదిలించుకోవాల్సి వస్తే, గాలి వచ్చే వైపు లాన్యార్డ్‌లను గొడ్డలితో నరుకుతారు. లావాటి ష్రౌడు నరకడం కంటే సన్నటి లాన్యార్డ్ నరకడం చాలా తేలిక.

మాస్టులన్నీ పోయినంత మాత్రాన ఓడ మునగదు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ ఓడ బెలైల్‌కు మూడు మాస్టులూ కూలాయి, అయినా తేలుతూనే ఉంది. కానీ కదల్లేదు, తిరగలేదు. ఫిరంగులు ఓడ శరీరానికి కాక రిగ్గింగ్‌కు గురిపెట్టే పద్ధతి అప్పట్లో ఉండేదంటే కారణం ఇదే.

తాడు తయారీ గురించి క్లుప్తంగా. హెంప్ నారతో నాలుగు పేటలు పురి పెట్టి పేనిన మోకు ష్రౌడ్లకు వాడేవారు. పేటల మధ్య గాడిలో సన్నటి తాడు నింపుతారు, దాని మీద తారు పూసిన గుడ్డ పట్టీ కింది నుంచి పైకి చుడతారు, ఆ చుట్ల మీద నీళ్లు నిలవకుండా జారిపోతాయి. దాని మీద సన్నటి దారంతో పురికి ఎదురు దిశలో సుత్తి లాంటి పనిముట్టుతో బిగించి చుడతారు. లోపలికి నీరు పోకూడదు, బయట ఒరుసుకోకూడదు, అంతే ఉద్దేశం. తారు పైన్ చెట్ల నుంచి తీసినది. ఇంకో చిన్న విషయం. ఒకే మోకును మధ్యకు మడిచి, ఆ మడతను మాస్టు తలకు తొడిగితే రెండు ష్రౌడ్లవుతాయి. కుడి వైపు జత, ఎడమ వైపు జత, మళ్లీ కుడి, మళ్లీ ఎడమ, అన్నిటి మీద స్టే. కాబట్టి అడుగున ఉన్న మొదటి జత పాడైతే పైవన్నీ లేపాల్సిందే.

1834లో జర్మనీలోని క్లౌస్టాల్ గనుల్లో విల్‌హెల్మ్ ఆల్బర్ట్ ఇనుప తీగలతో తాడు పేనాడు. ఓడల కోసం కాదు, గనుల్లోంచి ఖనిజం లాగడానికి. 19వ శతాబ్దం మధ్య నుంచి అది ఓడల మాస్టులకు పాకింది. అదే బలానికి ఇనుప తాడు హెంప్ మోకులో సగం లావు కూడా ఉండదు, గాలికి అడ్డు తగ్గుతుంది, తడికీ ఎండకీ పొడవు మారదు. 1869 నాటి కట్టీ సార్క్‌కు ష్రౌడ్లు ఇనుప తీగలవే, కానీ కింద డెడ్ ఐలూ లాన్యార్డ్‌లూ అలాగే ఉన్నాయి. కొత్త తాడు వచ్చినా పాత బిగింపు వెంటనే పోలేదు. తర్వాత ఉక్కు ఓడల్లో లాన్యార్డ్ స్థానంలో రిగ్గింగ్ స్క్రూ, అంటే తిప్పితే తీగ బిగిసే మర, వచ్చింది. మీ బోటులో కింద కనిపించే టర్న్‌బకిల్ దాని వారసుడే.

ఇక మీ బోటు. మీ మాస్టు నడుమ రెండు పక్కలకూ పొడుచుకు వచ్చిన కర్రలను స్ప్రెడర్లు అంటారు. పాత ఓడలో టాప్ చేసిన పనే ఇవీ చేస్తాయి. పై ష్రౌడు కోణాన్ని పెంచుతాయి, మాస్టు నడుమును పట్టుకుంటాయి. ముందు ఇవి చూడండి. స్ప్రెడర్ కొస కాస్త పైకి ఎత్తి ఉండాలి. పైనున్న ష్రౌడు కోణమూ కిందిదీ స్ప్రెడర్‌కు రెండు వైపులా సమానంగా రావాలి. కొస కిందికి వాలి ఉంటే బరువు పడినప్పుడు ష్రౌడు దాన్ని ఇంకా కిందికి జార్చేస్తుంది. అది జారితే ష్రౌడు ఒక్కసారిగా వదులవుతుంది, మాస్టు పోతుంది.

తీగలు మెరుస్తున్నాయి అన్నారు. స్టెయిన్‌లెస్ స్టీలు విషయంలో మెరుపును నమ్మకండి. దానికి తుప్పు రాకుండా కాపాడే పొర నిలవాలంటే ఆక్సిజన్ తగులుతూ ఉండాలి. గాలి తగలని సందులో ఉప్పు నీరు నిలిస్తే లోపల్లోపలే తినేస్తుంది. మీ తీగ పందొమ్మిది పోగుల తీగ అయి ఉంటుంది. ఆరు మిల్లీమీటర్లదైతే తెగడానికి సుమారు మూడు టన్నులు పట్టాలి. తీగ మధ్యలో తెగడం అరుదు. తెగేది కొసల్లో. ముఖ్యంగా కింది కొసను నొక్కి బిగించిన స్టీలు గొట్టంలో, ఎందుకంటే తీగ వెంట కారిన ఉప్పు నీరంతా అందులోకే దిగి నిలుస్తుంది. భూతద్దంతో ఆ గొట్టాల మీద నిలువు పగుళ్లు వెతకండి. తీగ గొట్టంలోకి దూరే చోట గోధుమ రంగు మరక ఉంటే అనుమానించండి. ఒక పాత మెత్తటి గుడ్డ తీగ పొడవునా జార్చండి. గుడ్డ ఎక్కడైనా చిక్కుకుంటే పోగు తెగినట్టే. ఒక్క పోగు తెగినా ఆ తీగ పని అయిపోయింది, మిగతా పద్దెనిమిది ఉన్నాయి కదా అనుకోవద్దు. ఏ అలసట దాన్ని తెంచిందో అదే మిగతావాటికీ ఉంది.

మీ ప్రశ్న కింద ఎవరో ఒక చిన్న పిన్ను ఊడితే మాస్టు మొత్తం పడుతుందా అని అడిగారు. పడుతుంది. టర్న్‌బకిల్‌ను కలిపే పిన్నుకు అడ్డంగా ఒక చీలిక పిన్ను ఉంటుంది. అది లేకపోతే అలల ఊపుకు పెద్ద పిన్ను మెల్లగా జరిగి బయటికి వస్తుంది. చీలిక పిన్ను కొసలను పూర్తిగా వెనక్కి మడవకండి, ఇరవై డిగ్రీలు విప్పితే చాలు, అవసరమైనప్పుడు తీయడానికి వీలుంటుంది. తర్వాత డెక్‌లోంచి కిందికి దిగే చెయిన్‌ప్లేట్లు, అంటే ష్రౌడ్ల కింది కొసలను బోటు శరీరానికి పట్టి ఉంచే లోహపు పట్టీలు. డెక్ మందంలో దాగిన భాగమే వాటిలో బలహీనమైనది, బయటి నుంచి కనబడదు. కనీసం ఒక్కటైనా ఊడదీసి చూడండి. అది బాగా లేకపోతే అన్నీ తీయాలి. ముందు స్టే మీద తెరచాప చుట్టే యంత్రం ఉంటే దాని గొట్టం లోపల స్టే ఎలా ఉందో ఎవరికీ తెలియదు. అందరికంటే ఎక్కువ నలిగేదీ అదే.

పదేళ్లు, పన్నెండేళ్లు అనేది రిగ్గర్లూ బీమా కంపెనీలూ సాధారణంగా వాడే కొలత. మీ తీగల వయసే తెలియదు. కాబట్టి నా మాట సూటిగా చెబుతాను. తీగలు, కొసలు, టర్న్‌బకిల్‌లు, పిన్నులు అన్నీ మార్చండి. మాస్టు దించి చేయించండి, స్ప్రెడర్ మొదళ్లూ మాస్టు తలా కూడా అప్పుడే చూసుకోవచ్చు. పాత తీగలు పారేయకండి, పొడవు కొలతకు కావాలి. "ఒక సైజు పెద్దది వేస్తే భద్రం కదా" అనే మాట వినిపిస్తుంది. వద్దు. లావు తీగను సరిగ్గా బిగించాలంటే ఎక్కువ టెన్షన్ కావాలి, అదంతా మాస్టునూ బోటు అడుగునూ నొక్కుతుంది. డైనీమా అనే గట్టి సింథటిక్ నార తాళ్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి, స్టీలు కంటే చాలా తేలిక. కానీ ఎడతెగని టెన్షన్ కింద అవి మెల్లగా సాగుతాయి కాబట్టి తెగే బలం చూసి కాక సాగుదల చూసి లావు ఎంచుకోవాలి. ఎండకూ ఒరుపుకూ జాగ్రత్త పడాలి. మొదటిసారి చేసేవారికి నేను స్టీలే చెబుతాను. (డైనీమా ష్రౌడ్లను కింద రంధ్రాలున్న బిళ్లలతో, సన్నటి తాడు లాగి బిగిస్తారు. డెడ్ ఐ మళ్లీ వచ్చిందన్నమాట.)

బిగించేటప్పుడు ఎంత? పందొమ్మిది పోగుల తీగకు ఒక చక్కటి లెక్క ఉంది. రెండు మీటర్ల తీగ ఒక మిల్లీమీటరు సాగితే దాని తెగే బలంలో 5 శాతం టెన్షన్ వచ్చినట్టు. చేత్తో బిగించాక రెండు మీటర్ల కొలబద్దను పై కొస దగ్గర తీగకు టేపుతో అంటించండి, కింది కొస దగ్గర గీత పెట్టండి. బిగిస్తూ పోతే ఆ గీత, కొలబద్ద కొస విడిపోతాయి. మూడు మిల్లీమీటర్లంటే 15 శాతం, నాలుగంటే 20. పై ష్రౌడ్లకు సాధారణంగా ఆ మధ్య సరిపోతుంది, మీ మాస్టు తయారీదారు వేరే అంకె ఇస్తే అదే పాటించండి. రెండు వైపులా కొద్దికొద్దిగా, మార్చి మార్చి తిప్పండి. మధ్యలో మాస్టు వెనక భాగంలోని గాడి వెంట కింది నుంచి పైకి ఒక కన్నుతో చూస్తూ ఉండండి, అది నిటారు గీతలా కనబడాలి. తర్వాత నీటిలోకి వెళ్లి, బోటు పదిహేను ఇరవై డిగ్రీలు ఒరిగినప్పుడు గాలి పోయే వైపు ష్రౌడు చూడండి. కాస్త మెత్తబడితే పరవాలేదు. ఊగులాడుతూ కొట్టుకుంటూ ఉంటే వదులు. వదులు తీగ భద్రం అనుకుంటారు చాలామంది. నిజానికి ప్రతి అలకూ ఒక జర్క్ కొసలోకి పోతుంది, అలసట వచ్చేది దానివల్లే.

ఇవన్నీ చేసినా ఒకరోజు సముద్రంలో ఏదో ఒకటి తెగవచ్చు. పక్క ష్రౌడు తెగితే ఆలోచించకుండా వెంటనే బోటును మరో వైపు గాలికి తిప్పండి, తెగిన వైపు గాలి పోయే వైపు కావాలి. ముందు స్టే తెగితే గాలి వెనక నుంచి వచ్చేలా తిప్పండి. వెనక స్టే తెగితే గాలికి ఎదురుగా తిప్పి ప్రధాన తెరచాపను గట్టిగా లోపలికి లాగండి, దాని వెనక అంచే కాసేపు స్టేలా పనిచేస్తుంది. ఆ తర్వాత తెరచాప ఎత్తే తాళ్లలో ఖాళీగా ఉన్నదాన్ని తెగిన దిక్కుకు తెచ్చి డెక్ మీద గట్టి చోట కట్టండి. మాస్టు పడిపోయి ఉంటే, విరిగిన ముక్క అలలకు బోటు పక్కను గుద్ది చిల్లు పెట్టకముందే వదిలించుకోవాలి. కత్తెరతో తీగ కోయడం కంటే పిన్నులు కొట్టి ఊడదీయడం త్వరగా అవుతుంది. చీలిక పిన్నులు లాగే పట్టకారు, ఒక సుత్తి, పిన్నును తోసే ఇనుప కడ్డీ బోటులో చేతికందే చోట ఉంచండి. ఇంజిన్ మాత్రం నీళ్లలో తాడు ఏదీ మిగల్లేదని చూసుకున్నాకే వేయండి, ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే అదీ పోతుంది.